ఒలింపిక్స్‌కు ముందు ఆసియా క్రీడల్లో చదరంగం నిలవాలి

సంపాదకులకు,

చదరంగాన్ని ఒలింపిక్స్‌లో చేర్చాలన్న మాట మళ్లీ గట్టిగా వినిపిస్తోంది. 2024లో బుడాపెస్ట్ చెస్ ఒలింపియాడ్‌లో మన పురుషుల జట్టు, మహిళల జట్టు రెండూ స్వర్ణం తెచ్చాయి. అదే ఏడాది 2036 ఒలింపిక్స్‌కు ఆతిథ్యమిస్తామంటూ మన దేశం లేఖ ఇచ్చింది. ఆశ పెరగడం సహజం. విశాఖలో టోర్నీలు నడిపే ఆర్బిటర్లుగా, పిల్లలకు ఆట నేర్పేవాళ్లుగా మేము చెప్పదలచుకున్నది ఒకటుంది: ముందు ఆసియా క్రీడల్లో చదరంగానికి శాశ్వత స్థానం సాధించాలి, అందుకు పతకం తేల్చే పద్ధతిని మనమే సరిదిద్దుకోవాలి.

అసలు గుర్తింపే లేదనుకోవడం పొరపాటు. చదరంగపు అంతర్జాతీయ సమాఖ్య ఫిడే 1924లో పారిస్‌లో, అక్కడ ఒలింపిక్స్ జరుగుతున్న రోజుల్లోనే పుట్టింది. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 1999లో దాన్ని గుర్తించింది. 2000 సిడ్నీ ఒలింపిక్స్ సమయంలో ఆనంద్, షిరోవ్ ప్రదర్శన ఆటలు కూడా ఆడారు. అయితే గుర్తింపు వేరు, పతకాల పట్టికలో చోటు వేరు. మేధో క్రీడలకు ఆ అర్హత లేదని ఒలింపిక్ కార్యక్రమ సంఘం 2002లోనే సిఫారసు చేసింది. 2014 సంస్కరణల తర్వాత ఆతిథ్య నగరం తన తరఫున కొన్ని ఆటలు ప్రతిపాదించే వీలొచ్చింది. దాన్ని అందిపుచ్చుకొని 2019లో ఫిడే, పారిస్ 2024 కోసం తక్కువ సమయంలో ముగిసే ర్యాపిడ్, ఇంకా వేగంగా సాగే బ్లిట్జ్‌లను ముందుపెట్టి ప్రచారం చేసింది. పారిస్ బ్రేకింగ్, స్కేట్‌బోర్డింగ్, సర్ఫింగ్, క్లైంబింగ్ ఎంచుకుంది. లాస్ ఏంజెలిస్ 2028కి క్రికెట్, స్క్వాష్ సహా ఐదు ఆటలను తీసుకుంది. రెండు చోట్లా చదరంగానికి దక్కింది శూన్యం.

ఆసియా క్రీడల్లో సంగతి వేరు. అక్కడ తలుపు తెరుచుకుంది, మళ్లీ మూసుకుంది, మళ్లీ తెరుచుకుంది. 2006 దోహాలో చదరంగం తొలిసారి వచ్చినప్పుడు మహిళల ర్యాపిడ్‌లో మన హంపి స్వర్ణం గెలిచింది. మిశ్రమ జట్టు స్వర్ణం శశికిరణ్, హరికృష్ణ, హంపిలది. 2010 గ్వాంగ్‌జౌలో హారికకు వ్యక్తిగత కాంస్యం, పురుషుల జట్టుకు కాంస్యం దక్కాయి. తర్వాత క్రీడల సంఖ్య 42 నుంచి 36కు తగ్గించిన 2014 ఇంచియాన్‌లో చదరంగం లేదు, 2018 జకార్తాలోనూ లేదు. 2023లో హాంగ్‌జౌలో తిరిగి వచ్చినప్పుడు మన రెండు జట్లకూ రజతాలే వచ్చాయి. 2010లో 23 ఏళ్ల హంపి, మళ్లీ ఆసియా క్రీడల బోర్డు ముందు కూర్చునేసరికి 36 ఏళ్లది. హారిక 19 నుంచి 32కు చేరింది. ఆ పదమూడేళ్లు వాళ్ల ఆట మంచి పదునులో ఉన్న కాలం. ఉద్యోగాల కోటాలకూ నగదు పురస్కారాలకూ ప్రభుత్వాలు ముందుగా చూసేది ఇలాంటి క్రీడోత్సవాల పతకాలనే కాబట్టి, ఈ నష్టం అగ్రశ్రేణి వాళ్ల దగ్గర ఆగదు, జిల్లా స్థాయి పిల్లల దాకా వస్తుంది.

ఇక పద్ధతి. మన టోర్నీలు దాదాపు అన్నీ స్విస్ పద్ధతిలోనే జరుగుతాయి, అంటే ప్రతి రౌండులో దాదాపు సమాన పాయింట్లున్న వాళ్లను జత కడతాం. వందల మందిని తొమ్మిది రౌండ్లలో సర్దడానికి దాన్ని మించింది లేదు. విజేతనూ చాలావరకు తేలుస్తుంది. చిక్కంతా రెండో, మూడో స్థానాల దగ్గర. ఆరున్నర పాయింట్లతో నలుగురు సమానంగా నిలిస్తే బుకోల్జ్ లెక్క తీస్తాం, అంటే ఒక్కో ఆటగాడు తలపడిన ప్రత్యర్థులందరి పాయింట్ల కూడిక. రెండో రౌండులో మీరు ఓడించిన కుర్రాడు చివరి రౌండులో ఎక్కడో మూల బోర్డు మీద ఓడిపోతే మీ కాంస్యం చేజారిపోవచ్చు. ఆదివారం సాయంత్రం ఫలితాల కాగితం అతికించగానే తల్లిదండ్రులు ఆర్బిటర్ చుట్టూ మూగేది ఇందుకే. స్థానిక టోర్నీలో నచ్చజెప్పి పంపించేస్తాం. దేశాల జెండాలు ఎగరేసే చోట, టీవీ ముందున్న వాళ్లకు అర్థం కాని లెక్కతో పతకం ఇవ్వలేం.

తేలకుండా వదిలేయడం ఇంకా చేటు. 2024 చివరి రోజున న్యూయార్క్‌లో ప్రపంచ బ్లిట్జ్ ఫైనల్ ఎంతకీ తెగకపోవడంతో కార్ల్‌సన్, నెపోమ్నియాషి టైటిల్‌ను పంచుకున్నారు. ఆ ఇద్దరి మీద మాకు గౌరవమే. కానీ ఆ నిర్ణయం ఆటకు మేలు చేయలేదని మా గట్టి అభిప్రాయం.

మిశ్రమ జట్ల ర్యాపిడ్ పోటీని ముందుపెట్టడం మేలని మేమంటాం. వేసవి ఒలింపిక్స్‌కు క్రీడాకారుల పరిమితి సుమారు 10,500. కొత్త ఆట ఎంత తక్కువ మందితో వస్తే అంత తేలిగ్గా చోటు దొరుకుతుంది. ఇద్దరు పురుషులు, ఇద్దరు మహిళలు చొప్పున 12 జట్లంటే 48 మంది, 24 బోర్డులు. కొత్త స్టేడియం అక్కర్లేదు, ఉన్న హాలే చాలు.

ఇదే పోటీని విశాఖలో చిన్న స్థాయిలో నడిపి చూపించవచ్చు. ఎనిమిది జట్లు, 16 బోర్డులు, 16 డిజిటల్ గడియారాలు, ముఖ్య ఆర్బిటర్ కాక మరో ఇద్దరు ఆర్బిటర్లు. ఒక్కొక్కరికి 15 నిమిషాలు, ఎత్తుకు 10 సెకన్లు అదనం. 60 ఎత్తుల ఆట అయితే ఒక్కొక్కరి వంతు 25 నిమిషాలు, మొత్తం 50. గంటకో రౌండు వేసుకోవచ్చు. అందరూ అందరితో ఆడితే ఏడు రౌండ్లు: మొదటి రోజు నాలుగు, రెండో రోజు పొద్దున మూడు, మధ్యాహ్నం మొదటి నాలుగు జట్లకు సెమీస్, ఫైనల్. మ్యాచ్ 2–2 అయితే రంగులు మార్చి ఒక్కొక్కరికి 3 నిమిషాలు, ఎత్తుకు 2 సెకన్లు అదనంగా బ్లిట్జ్. అప్పటికీ తెగకపోతే ఒకే ఒక్క ఆర్మగెడాన్: తెల్లపావులకు 5 నిమిషాలు, నల్లపావులకు 4, డ్రా అయితే నల్లపావులదే గెలుపు.

బోర్డుల వరుసలో జాగ్రత్త పడాలి. మగ, ఆడ, మగ, ఆడ అని ఒకటి విడిచి ఒకటి కూర్చోబెడితే చూడ్డానికి పద్ధతిగానే ఉంటుంది. కానీ జట్టు పోటీల్లో ఒక జట్టుకు 1, 3 బోర్డుల మీద, రెండో జట్టుకు 2, 4 మీద తెల్లపావులు వస్తాయి. అలా కూర్చుంటే ఒక జట్టులో మగపిల్లలిద్దరికీ తెలుపు, ఆడపిల్లలిద్దరికీ నలుపు పడతాయి. 1, 2 బోర్డులు అబ్బాయిలకు, 3, 4 అమ్మాయిలకు ఇస్తే ప్రతి జంటకూ ఒక తెలుపు, ఒక నలుపు.

ర్యాపిడ్‌లో ఆటలు చేజారేది ఎత్తుల తప్పుల వల్లే కాదు, చేతుల తప్పుల వల్ల కూడా. బంటు చివరి గడికి చేరాక దాన్ని మంత్రిగానో మరో పావుగానో మార్చకుండానే గడియారం నొక్కితే అది చెల్లని ఎత్తు. మొదటిసారి ప్రత్యర్థికి రెండు నిమిషాలు కలుపుతారు, రెండోసారి ఆట పోయినట్టే. ఏనుగును తలకిందులు చేసి పెట్టి మంత్రి అనుకోమంటే కుదరదు, నియమం ప్రకారం అది ఏనుగే. రెండు చేతులతో కోట కట్టినా (రాజును, ఏనుగును ఒకే ఎత్తులో జరపడం) చెల్లని ఎత్తు కిందే లెక్క. పిల్లల్లో ఈ అలవాటు విపరీతం. మేము చెప్పే మందు: ప్రతి బోర్డు పక్కన మొదటి రౌండు నుంచే రంగుకొకటి చొప్పున అదనపు మంత్రిని ఉంచాలి. పావు జరిపిన చేత్తోనే గడియారం నొక్కడం సాధనలోనే అలవాటు చేయాలి.

డోపింగ్ పరీక్షలు చదరంగానికెందుకని అడిగేవాళ్లున్నారు. ఒలింపిక్ కుటుంబంలో ఉండాలంటే తప్పవు. 2008 డ్రెస్డెన్ ఒలింపియాడ్ చివరి రౌండులో ఓడిన ఉక్రెయిన్ ఆటగాడు ఇవాంచుక్ పరీక్ష ఇవ్వకుండా వెళ్లిపోతే పెద్ద రగడే అయింది. తర్వాత ఆయన్ను నిర్దోషిగా తేల్చారు. పిల్లల విషయంలో అసలు ప్రమాదం జలుబు మాత్రల్లో ఉంది. వాటిలో ఉండే సూడోఎఫెడ్రిన్ మూత్రంలో మిల్లీలీటరుకు 150 మైక్రోగ్రాములు దాటితే పోటీ సమయంలో నిషిద్ధమే. కాఫీకి ఇబ్బంది లేదు. రాష్ట్ర జట్టుకు ఎంపికైన పిల్లల తల్లిదండ్రులు మందుల షాపులో అడిగి తెచ్చిన మాత్ర వేసే ముందు డాక్టరుకు పోటీ సంగతి చెప్పాలి.

టీవీ సంగతీ చూడాలి. ఎత్తులను తనంతట పంపే ఎలక్ట్రానిక్ బోర్డులు, ఎవరిది పైచేయో చూపే పట్టీ, తెలుగులో వ్యాఖ్యానం ఉంటే ర్యాపిడ్ చూడటానికి బాగుంటుంది. ప్రసారాన్ని కొన్ని నిమిషాలు ఆలస్యంగా వదిలితే బయటి నుంచి సాయం అందే దారి మూసుకుపోతుంది. హాలు ద్వారం దగ్గర మెటల్ డిటెక్టర్, ఫోన్లు దాచే బల్ల తప్పనిసరి. జేబులో ఫోను మోగినా ఆట పోతుంది.

మా విన్నపాలు రెండే. మిశ్రమ జట్ల ర్యాపిడ్ పోటీని రాష్ట్ర క్రీడా ప్రాధికార సంస్థ (శాప్) తన వార్షిక పట్టికలో చేర్చి, మొదటిది విశాఖలో పెట్టాలి. స్వర్ణభారతి ఇండోర్ స్టేడియంలో కొంత భాగమిచ్చినా 16 బోర్డులకు సరిపోతుంది, గాజువాక నుంచి మధురవాడ దాకా పిల్లలు బస్సులో వచ్చి వెళ్లగలరు. రెండోది, అఖిల భారత చదరంగ సమాఖ్య, భారత ఒలింపిక్ సంఘం కలిసి ఆసియా ఒలింపిక్ మండలికి ఈ పోటీ నమూనాను, ఆడించిన ఫలితాలతో సహా రాతపూర్వకంగా పంపాలి. ఆతిథ్య నగరం ఆటల జాబితా ఖరారు చేశాక వినతిపత్రాలు ఇచ్చి లాభం లేదు, జాబితా రాస్తున్నప్పుడే అవి వాళ్ల బల్ల మీద ఉండాలి.

— కొందరు చదరంగం ఆర్బిటర్లు, శిక్షకులు, విశాఖపట్నం