పద్మకు, క్యోటో గది సంగతి

తిరుపతి,
ఆదివారం.

చిరంజీవి పద్మకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. జపాన్ నుంచి వచ్చాక పది రోజులపాటు మీ అమ్మ నీతో ఫోన్‌లో “గది బ్రహ్మాండం తల్లీ” అంటూనే వచ్చింది. నిన్న నోరుజారి ఏసీ సంగతి బయటపెట్టింది. క్యోటోలో మేం దిగిన ఆ సత్రం వాళ్లకు గట్టిగా మెయిల్ రాస్తానన్నావు. రాయి, కానీ ముందు ఇది చదువు. రైల్వేస్టేషన్ దగ్గర లాడ్జి కౌంటర్‌లో 31 ఏళ్లు కూర్చున్నవాణ్ణి. ఏది ఫిర్యాదో, ఏది ఉత్త సణుగుడో నాకు తెలుసు.

నేలమీద పడక గురించి రాయొద్దు. రియోకాన్, అంటే వాళ్ల పాతకాలపు సత్రం, అంటేనే అది. ఆరు తతామి చాపల గది అని నువ్వు ముందే చెప్పావు. ఒక్కో చాప ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, మన వంటింటి తలుపంత. రాత్రి పరుపులు పరిచాక అడుగు పెట్టడానికి చోటు లేదు. తెల్లారి నా మోకాళ్లు మొరాయించాయి. అందులో వాళ్ల తప్పేముంది? పక్కగదిలో ఆయన దగ్గితే మా చెవిలో దగ్గినట్టే ఉంది. కాగితం తలుపులున్న పాత చెక్క ఇల్లు, అంతే మరి. తిండి లేకుండా గది మాత్రమే తీసుకోవడం మంచిదైంది. వాళ్ల సూప్‌లో కూడా ఎండుచేపల రసం ఉంటుందని చెప్పావుగా. స్టోర్‌లో కొన్న అన్నం, మీ అమ్మ కట్టుకొచ్చిన చెనక్కాయల పొడి, రెండు పూటలూ అలా వెళ్లిపోయాయి.

స్నానాల గది గురించి కూడా రాయొద్దు. అందరూ ఒకే తొట్టిలో దిగుతారని తెలిసి మీ అమ్మ ముఖం చిట్లించింది. ముందు బయట చిన్న పీటమీద కూర్చుని సబ్బుతో శుభ్రంగా కడుక్కున్నాకే తొట్టిలో దిగాలని చెప్పా. “అయినా అవే నీళ్లుగా” అంది. “మరి కొండమీద పుష్కరిణిలో మునిగినప్పుడో?” అన్నా. దానికి జవాబివ్వలేదు, తొట్టిలోకీ దిగలేదు. నేను దిగాను. ఆ రెండు రోజుల్లో ఒళ్లు వెచ్చబడింది ఆ పావుగంటే.

ఇక రాయాల్సింది. గదిలో ఏసీకి ఒక ఇనప డబ్బా తగిలించి ఉంది. నూరు యెన్ల నాణెం వేస్తే గంటసేపు వేడిగాలి వస్తుంది, తర్వాత టక్కుమని ఆగిపోతుంది. డిసెంబర్ చలి! రాత్రి రెండింటికి నాకు మెలకువ వచ్చి చూస్తే మీ అమ్మ శాలువా కప్పుకుని, ఫోన్ వెలుతురులో చాపమీద నాణేలు వరసగా పేరుస్తోంది. తెల్లారేదాకా సరిపోతాయా అని లెక్క. నాకు మాత్రం “పడుకోండి, నేను చూసుకుంటా” అంది. నువ్వు కట్టిన తొమ్మిది వేల యెన్లు కాక, మనిషికి రాత్రికి 200 చొప్పున ఊరి పన్ను ఉంటుందని ముందే చెప్పారు, కట్టాం. ఈ డబ్బా మాట మాత్రం ఎక్కడా లేదు. అద్దె తక్కువైతే చలికి విడిగా తీసుకోనీ, తప్పనను. చెప్పకుండా తీసుకోవడమే తప్పు.

రెండోది, ఫొటోలో కిటికీలోంచి తోట కనిపించింది. మాకిచ్చిన గది కిటికీ తెరిస్తే పక్కింటి గోడ, చెయ్యి చాపితే అందుతుంది. మూలన చాప అంచు గుడ్డ చిరిగితే గోధుమరంగు ప్లాస్టర్ అంటించారు. తడిసిన గోనెసంచి వాసన.

వీటన్నిటికంటే నాకు బాధ కలిగించింది వేరే ఉంది. పొద్దున పదకొండుకే చేరాం. గది నాలుగింటికని మాకు తెలుసు, పెట్టెలైనా పెట్టుకుందామని వెళ్లాం. తలుపు దగ్గర మనిషి లేడు. నాలుగింటికీ లేడు. గోడకు నంబర్ల డబ్బా, అందులో తాళంచెవి. రెండు రోజుల్లో అక్కడివాళ్ల ముఖం ఒక్కటీ చూడలేదు. పాతరోజుల్లో టోక్యో నుంచి క్యోటోకి తొకాయిదో దారిలో 53 మజిలీలుండేవని, నడిచొచ్చినవాళ్లకు అక్కడ సత్రాలుండేవని రైల్లో నువ్వే చెప్పావు. అలిపిరి మెట్లెక్కి వచ్చినవాడికి మనం ముందు ఒక గ్లాసు నీళ్లిస్తాం. ఆ పని నంబర్ల డబ్బా చేస్తుందా?

ఒకటి చెప్తాను, మీ అమ్మకు కూడా తెలియదు. ఒక గరుడసేవ రోజు మా లాడ్జిలో బాయిలర్ చెడిపోయింది. సేలం నుంచి వచ్చిన ఒక పెద్దావిడ మూడుసార్లు వేడినీళ్లడిగింది. మూడుసార్లూ “ఇప్పుడే వస్తాయమ్మా” అన్నాను, రావని తెలిసే. చివరికి మనవణ్ణి చన్నీళ్లతోనే కడిగింది. సాయంత్రం తాళంచెవి బల్లమీద పెట్టి మాటైనా అనకుండా వెళ్లిపోయింది. తిట్టి ఉంటే మర్చిపోయేవాణ్ణి.

అందుకే రాయమంటున్నా. డబ్బు వాపసు అడగొద్దు, “మోసం” లాంటి మాటలు వద్దు. ఫొటోలో ఒక గది, ఇచ్చింది ఇంకో గది అని రాయి. నాణేల డబ్బా సంగతి ముందే చెప్పమని రాయి. అరవై దాటినవాళ్లు వస్తే ఒక్కసారైనా ఎవరో ఒకరు తలుపు దగ్గరుండమని రాయి. జపనీస్‌లోనే రాయి, నీకు వచ్చుగా.

నువ్వు చూసి బుక్ చేసిన గదని బాధపడకు. సెలవు దొరక్క నువ్వు నగోయాలో ఆగిపోయావు, లేకపోతే మొదటి రాత్రే మమ్మల్ని మార్చేసేదానివి. మర్నాడు సంజూసంగెన్‌దో గుడిలో, బౌద్ధుల కరుణామూర్తి కన్నోన్ విగ్రహాలు 1001 ఉంటే, వాటి ముందు మీ అమ్మ చాలాసేపు నిలబడింది. చలి మాటే ఎత్తలేదు.

మిగిలిన నాణేలు ఏడు. రుమాలు కొసన ముడేసి దేవుడి గదిలో పెట్టింది. శనివారం కొండకు వెళ్లినప్పుడు హుండీలో వేస్తానంటోంది. వద్దు, ఉంచు, మళ్లీ వెళ్లినప్పుడు పనికొస్తాయి అంటున్నా. ఇంకా తేలలేదు.

మీ నాన్న