బొలోన్యాలో నాకు చోటిచ్చిన వాళ్లకు

మొన్న మధ్యాహ్నం నా ఖాతాలో స్కాలర్‌షిప్ మొదటి విడత పడింది. ముందు అమ్మకు ఫోను చేశాను. తర్వాత బజారుకు వెళ్లి, ఐదు నెలల్లో మొదటిసారి, ధర చూడకుండా కిలో వంకాయలు కొన్నాను. ఈ నాలుగు మాటలూ ఎప్పుడో రాయాల్సింది. డబ్బు చేతికి రాకముందు రాస్తే కృతజ్ఞత చెప్పినట్టు ఉండదు, ఇంకో సాయం అడిగినట్టు ఉంటుందని ఆగాను.

సెప్టెంబరులో ఒక సాయంత్రం ఇటలీలోని ఈ బొలోన్యా స్టేషన్ బయటకు వచ్చి గోడ మీద గడియారం చూస్తే పదీ ఇరవై ఐదు. ఇంకా ఎండ ఉంది. మన బస్టాండు గడియారాలు చూస్తూ పెరిగినవాణ్ణి కదా, ఇక్కడా ఇంతేనా అని నవ్వుకున్నాను. 1980 ఆగస్టు 2న సరిగ్గా ఆ నిమిషానికి స్టేషన్‌లో బాంబు పేలి 85 మంది చనిపోయారని, ఆ గంట మరచిపోకూడదనే ముళ్లను అక్కడ ఆపి ఉంచారని తర్వాత తెలిసింది. ఆ నవ్వు గుర్తొచ్చినప్పుడల్లా ఇప్పటికీ సిగ్గేస్తుంది.

చేతిలో చిరునామా ఉంది, ఆ గదికి ఊళ్లో ఉండగానే 600 యూరోలు డిపాజిట్ పంపి ఉన్నాను. వెతుక్కుంటూ వెళ్లి బెల్లు నొక్కితే తలుపు తీసింది పళ్ల డాక్టరు దగ్గర పనిచేసే అమ్మాయి. అక్కడ గది లేదు, ఎప్పుడూ లేదట. డబ్బు తీసుకున్న మనిషి ఫోను అప్పటికే మూగబోయింది. మెట్ల మీద కూర్చుని ఇక్కడి తెలుగు విద్యార్థుల గ్రూపులో రెండు వాక్యాలు పెట్టాను. ఆరు నిమిషాల్లో జవాబు వచ్చింది: "ఎక్కడున్నావు? కదలకు."

అక్కా, నువ్వు సైకిలు మీద వచ్చావు. నా ముఖం చూసి ఒక్క ప్రశ్న కూడా అడగకుండా చిన్న పెట్టెను హ్యాండిల్‌కు తగిలించి ముందు నడిచావు. దారిలో వాన మొదలైతే నేను గొడుగు కోసం సంచీ విప్పబోయాను. "ఈ ఊళ్లో గొడుగుతో పనిలేదు, పద" అన్నావు. నిజమే, ఇల్లు చేరేదాకా మన మీద చినుకు పడలేదు. దారి పొడవునా ఇళ్ల కింద పోర్టికోలు, అంటే స్తంభాల వసారాలు. ఒక్క పాత ఊళ్లోనే అవి 38 కిలోమీటర్లు. అవి ఎందుకొచ్చాయో చెప్పింది కూడా నువ్వే. ఊరికి జనం, చదువుకునేవాళ్లు పోటెత్తి గదులు చాలక, ఇళ్లవాళ్లు పై అంతస్తులను వీధి మీదికి పెంచి కింద గుంజలు నిలబెట్టారట. 1288లో ఇళ్లకు వసారాలు ఉండి తీరాలని ఊరు చట్టమే చేసిందట. అంటే ఇక్కడ అద్దెగది కరువు ఏడెనిమిది వందల ఏళ్ల నాటిది. నాకు ఎంత ధైర్యం వచ్చిందో!

తర్వాతి వారం ముప్పై ఒక్క ప్రకటనలకు ఫోను చేశాను. ఒకాయన గది చూపించి, అంతా బాగుందన్నాక, ఏ దేశమని అడిగి వెనక్కి తగ్గాడు. ఇంతకుముందు మీ దేశం అబ్బాయి రెండు నెలల అద్దె ఎగ్గొట్టి వెళ్లిపోయాడు, ఇక వద్దు అన్నాడు. ఆయన నష్టం నిజమే కావచ్చు. కానీ ఆ అబ్బాయి ఎవరో నాకేం తెలుసు? ఆ నెలలోనే తెలిసిన సంగతి ఒకటి ఉంది. 12వ శతాబ్దంలో ఫ్రెడరిక్ బార్బరోసా చక్రవర్తి విద్యార్థుల కోసం 'ఆతెంతికా హబీతా' అనే శాసనం చేశాడు. అప్పట్లో ఒక దేశంవాడు అప్పు తీర్చకుండా పోతే, అదే దేశం నుంచి వచ్చిన ఇంకొకణ్ణి పట్టుకుని వసూలు చేసేవారు. చదువు కోసం దూరం నుంచి వచ్చినవాళ్లను అలా పట్టుకోకూడదన్నది ఆ శాసనంలో ఒక మాట. బొలోన్యా విశ్వవిద్యాలయం పుట్టింది 1088లో అంటారు. అంటే పరాయి ఊరివాడికి గది ఇవ్వాలా వద్దా అన్న తగువు ఇక్కడ చదువుతో పాటే మొదలైందన్నమాట.

అక్క ఉండే ఇంటి యజమానురాలికి, మేం సిన్యోరా (అమ్మగారు) అని పిలిచే ఆమెకు, 78 ఏళ్లు. వారం రోజులు నన్ను ఉంచుకోవడానికి అనుమతి అడగడానికి వెళితే ఆమె మూడు ప్రశ్నలు వేశారు. సిగరెట్టు కాలుస్తావా? అర్ధరాత్రి వంట చేస్తావా? గది విషయంలో మోసపోయావని మీ అమ్మకు తెలుసా? మూడోదానికి నేను తల దించుకున్నాను. ఆమె కుర్చీ జరిపి, అక్కడే కూర్చుని ఫోను చేయమన్నారు. అమ్మ ఏడుస్తుంటే తెలుగు ఒక్క ముక్క రాకపోయినా పక్కన కూర్చుని తల ఊపుతూనే ఉన్నారు.

మన్నించాలి సిన్యోరా, వారం అన్నది ఇరవై ఆరు రోజులైంది. పరాయి దేశస్థుడికి ఇంట్లో చోటిస్తే 48 గంటల్లో పోలీసులకు కాగితం ఇవ్వాలి. మోకాళ్ల నొప్పితోనే వెళ్లి ఇచ్చి వచ్చారు. ఆ చిరునామా లేకపోతే నా నివాస అనుమతి దరఖాస్తు కదిలేదే కాదు. దిగిన ఎనిమిది పనిదినాల్లో దాన్ని పోస్టాఫీసులో ఇవ్వాలి, దాని మీద 16 యూరోల స్టాంపు అంటించాలి. ఆ స్టాంపు అమ్మేది సిగరెట్ల దుకాణంలో! మీరు అద్దె తీసుకోనన్నారు. వారానికి రెండుసార్లు నీళ్ల సీసాల కట్ట పైకి మోయించుకున్నారు, అంతే. పోపులో ఇంగువ వేసిన రోజు గ్యాసు లీకైందని పరుగున పైకి వచ్చారే, ఆ రోజు నవ్వినందుకు కూడా క్షమాపణ.

ఇక స్కాలర్‌షిప్. ఇది మార్కులతో పాటు ఇంటి ఆర్థిక స్థితిని చూసి ఇచ్చేది. ఇంట్లో ఎందరు, ఎవరి సంపాదన ఎంత, ఇల్లు ఎన్ని చదరపు మీటర్లు, డిసెంబరు 31 నాటికి బ్యాంకులో ఎంత ఉంది, అన్నీ కాగితాల మీద చూపాలి, ఇటాలియన్‌లోకి మార్పించాలి. మనకు లెక్క ఏప్రిల్ నుంచి మార్చి, వాళ్లకు జనవరి నుంచి డిసెంబరు. మా ఇల్లు నాన్నకూ ఇద్దరు బాబాయిలకూ ఉమ్మడి, దస్తావేజులో కొలత అంకణాల్లో ఉంది. అంకణమంటే ఎంత అన్నది ఒక్కో ప్రాంతంలో ఒక్కోలా ఉంటుందని అప్పటిదాకా నాకు తెలియదు.

ఇక్కడే మాస్టారు వచ్చారు. నాకు ఎనిమిదో తరగతిలో లెక్కలు చెప్పి, ఒకసారి చెవి మెలిపెట్టిన మాస్టారు. నాన్న కొట్టు వదిలి తిరగలేడని తానే సంచీ తగిలించుకున్నారు. తహసీల్దారు కార్యాలయానికి నాలుగుసార్లు వెళ్లారు. టేపు తెచ్చి ఇల్లు కొలిచి, ముగ్గురు అన్నదమ్ముల వాటాలూ చదరపు మీటర్లలో రాసి, సర్వేయరు చేత సంతకం పెట్టించారు. అపోస్టిల్ ముద్రలకు, అంటే మన కాగితాలు విదేశంలో చెల్లడానికి వేసే ప్రభుత్వ ముద్రలకు, పంపాల్సిన కాగితాలను ఆర్టీసీ పార్సిల్‌లో హైదరాబాదు చేర్చారు. ఇక్కడి కౌంటరులో ఆమె ఆ కొలతల పటం చూసి, ఇది గీసినది ఇంజనీరా అని అడిగింది. మా మాస్టారు అన్నాను. ఇటాలియన్‌లో నేను తడబడకుండా చెప్పిన మొదటి మాట అదే.

దక్షిణ ఇటలీలోని కలాబ్రియా నుంచి వచ్చి నా పక్కన కూర్చునే మిత్రుడికీ బాకీ ఉన్నాను. ఇక్కడ చాలా పరీక్షలు నోటితోనే. మార్కులు 30కి, గట్టెక్కడానికి 18. వచ్చిన మార్కు నచ్చకపోతే వద్దని చెప్పి మళ్లీ పరీక్షకు కూర్చోవచ్చు, తప్పు పట్టరు. పన్నెండేళ్లు బట్టీపట్టి రాసినవాడికి ఆచార్యుడి ఎదుట కూర్చుని నోరు తెరవడమంటే గొంతు ఎండిపోవడమే. వాడు రోజూ వసారాలో నడిపిస్తూ నన్ను ప్రశ్నలడిగాడు, నేను ఆగినచోటల్లా తానూ ఆగాడు. తొలినాళ్లలో ఇక్కడి విద్యార్థులే సంఘాలు కట్టి గురువులకు జీతమిచ్చి, ఆలస్యంగా వస్తే జరిమానా వేసేవారని కూడా వాడే చెప్పాడు, ధైర్యం రావడానికి. 26 వచ్చింది. తీసుకుంటావా అని ఆచార్యులు అడిగితే ప్రశ్న పూర్తికాకముందే తీసుకుంటానన్నాను.

అక్కా, నీ కుక్కరు గాస్కెట్టు పాడుచేసింది నేనే, మీ గదిలో ఇంకో అమ్మాయి కాదు. కొత్తది అమ్మ పంపిన పార్సిల్‌లో వస్తోంది.

మాస్టారూ, ఆటోలకు, జిరాక్సులకు, పార్సిల్‌కు మీ చేతి నుంచి 2,340 రూపాయలు పడ్డాయని నాన్న లెక్క రాసి పెట్టుకున్నారు. రెండుసార్లు తెస్తే మీరు ఇంట్లో లేరని చెప్పించారట. వచ్చే ఆదివారం మళ్లీ వస్తున్నారు. ఈసారి అమ్మ చేసిన అరిసెలు కూడా ఉంటాయి, తలుపు తీయండి.