నీరు దిగినప్పుడే అడుగు చూసుకోవాలి

సంపాదకులకు,

అయ్యా,

శ్రీశైలం జలాశయంలో చేపలు లోతుకు దిగిపోయి వేట సాగడం లేదని, చేపల జాడ తెలిపే సోనార్ యంత్రాలను మత్స్యకారుల సంఘాలకు ఇప్పించాలని మా ప్రాంతంలో కొందరు కోరుతున్నారు. యంత్రాలు వద్దని నేను అనను. అయితే అడుగున ఉండే చేప విషయంలో వాటికి ఒక పెద్ద పరిమితి ఉంది, దాన్ని తెలుసుకోకుండా కొంటే డబ్బు నీళ్లపాలే అవుతుంది.

బొచ్చె పైనీటి చేప, శీలావతి నడినీటి చేప. అడుగున మేసేది ఎర్రమోసు. జెల్ల, వాలుగ పగలంతా రాళ్ల సందుల్లో, పాత వాగుల గట్ల వెంట నక్కి ఉండి, చీకటి పడ్డాక మేతకు కదులుతాయి. యంత్రం పంపే ధ్వని చేప పొట్టలోని గాలితిత్తికి తగిలి వెనక్కి వస్తుంది కాబట్టి నడినీటిలో తిరిగే చేప తెర మీద చక్కగా కనిపిస్తుంది. కానీ ఆ ధ్వని గరాటులా విచ్చుకుంటూ దిగుతుంది. కోణం 20 డిగ్రీలైతే 30 మీటర్ల లోతులో అది పది మీటర్లకు పైగా అడ్డుకొలత ఉన్న వలయమవుతుంది. ఆ వలయంలో నేల ఏటవాలుగా ఉంటే ఎత్తుగా ఉన్న వైపు నుంచి ప్రతిధ్వని ముందుగా వచ్చేస్తుంది, పల్లం వైపు నేలకు ఆనుకుని పడుకున్న జెల్ల తెర మీద నేలను చూపే గీతలోనే కలిసిపోతుంది. ఖాళీగా కనిపించిన తెరను నమ్మి పుట్టిని ముందుకు తీసుకుపోతే చేప కిందే ఉండిపోతుంది.

సంగమేశ్వరం వైపు ఒక పెద్దాయన వెంట పుట్టిలో వెళ్లినప్పుడు నేను చూసినది వేరు. ఆయన సీసం గుండు అడుగున గుంట తొలిచి, అందులో మెత్తటి మైనం కూరి, తాడుతో దించుతాడు. పైకి లాగి మైనానికి ఏమంటిందో చూస్తాడు: ఇసుకా, నత్తగుల్ల ముక్కా, బురదా అని. ఏమీ అంటక గాటు మాత్రం పడితే అది రాయి, అక్కడ వల వేయడు, గాలాలే వేస్తాడు. నల్లబురద అంటుకుని కుళ్లిన గుడ్డు వాసన వచ్చిందంటే పుట్టి తిప్పేస్తాడు. వేడెక్కిన పైనీరు అడుగునీటితో కలవనప్పుడు కింద ప్రాణవాయువు తగ్గి ఆ వాసన పుడుతుంది, అక్కడ జెల్ల కూడా నిలవదు. అందుకే అన్నిటికన్నా లోతైన చోటు వెతకడం కన్నా, దానికి కాస్త ఎగువన ఉన్న వాలును పట్టుకోవడం మేలు.

ఈ వెతుకులాట చాలావరకు వేసవిలోనే ముగించవచ్చు. పూర్తి మట్టం 885 అడుగులున్న ఈ జలాశయంలో నీరు బాగా దిగినప్పుడు సంగమేశ్వరాలయం బయటపడడం మనందరం చూస్తున్నదే. దానితోపాటు 1980ల మొదట్లో ఖాళీ చేయించిన ఊళ్ల మొండిగోడలు, బావులు, చెట్ల మొదళ్లు, వాగు ఒడ్డులు కూడా తేలతాయి. వానాకాలం తరువాత చేప చేరేది వీటి దగ్గరకే, వలలు తట్టుకుని చినిగేదీ వీటికే. తెగి అడుగున ఉండిపోయిన నైలాన్ వల ఎవరికీ దక్కని చేపను చాలాకాలం చంపుతూనే ఉంటుంది. (నీరు తగ్గిన ఆ రోజుల్లోనే సన్న కన్నులుండే అలివి వలలతో పిల్లచేపలతో సహా ఊడ్చుకుపోతున్నారు. దాన్ని ఆపకపోతే పైన చెప్పినదంతా వృథా.)

కాబట్టి వచ్చే ఏప్రిల్, మే నెలల్లో మత్స్యశాఖ సిబ్బంది ప్రతి సంఘం నుంచి ఇద్దరు ముగ్గురు అనుభవజ్ఞులను వెంటబెట్టుకుని తేలిన నేలంతా నడవాలని, సెల్‌ఫోన్‌లోని జీపీఎస్‌తో ఒక్కో గోడనూ, బావినీ గుర్తించి పటం తయారు చేయించాలని కోరుతున్నాను. యంత్రాలు ఆ తరువాత ఇచ్చినా ఫరవాలేదు. ఆ పటం తెలుగులో ఉండాలి, వాగులకు ఊరివాళ్లు పిలుచుకునే పేర్లే అందులో రాయాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
ఆత్మకూరు, నంద్యాల జిల్లా