స్టైపెండ్ లేకపోతే మా పిల్లలు లాయర్లుగా నిలబడేదెలా?

సంపాదకులు గారికి నమస్కారం.

మా ఇంట్లో నల్లకోటు వేసుకుని లాయరైన మొదటి మనిషి మా అమ్మాయి. నేను ఆర్టీసీ కండక్టరుగా రిటైరయ్యాను. తను రెండేళ్లుగా తెనాలి నుంచి గుంటూరు వెళ్లి ఒక సీనియర్ లాయరు గారి దగ్గర జూనియర్‌గా పనిచేస్తోంది. ఫైళ్లు మోస్తుంది, వాయిదాలు రాసుకుంటుంది, రాత్రుళ్లు కూర్చుని కౌంటర్లు, అంటే ఎదుటివాళ్ల పిటిషన్లకు జవాబులు, తయారుచేస్తుంది. చేతికొచ్చేది పండక్కో రెండు వేలు. నా పింఛనులో సగం ఆమె బస్సు ఛార్జీలకే పోతోంది.

అంతకుముందు జూనియర్‌గా చేర్చుకోమని ఇంకో ఇద్దరు సీనియర్లను అడిగింది. ఒకాయన ఇంటిపేరు, ఊళ్లో మా ఇల్లు ఏ వైపో కనుక్కున్నారు. ఎస్సీ కాలనీ అని తెలిశాక ఫోన్ చేస్తామన్నారు, చేయలేదు. రెండో ఆయన "పెళ్లయ్యాక మానేస్తావు కదమ్మా, నేర్పి ఏం లాభం?" అన్నారు.

ఆడపిల్లలకు చేతకాక కాదు. పరీక్ష రాసి వచ్చే చోట చూడండి, తెలంగాణ కింది కోర్టుల జడ్జీల్లో సగానికి పైగా మహిళలే. పరీక్ష లేని సుప్రీంకోర్టుకు 1989లో జస్టిస్ ఫాతిమా బీవీ గారు మొదలు 2025 వరకు వెళ్లింది 11 మంది మహిళలే. 2018 తర్వాత హైకోర్టులకు వచ్చిన జడ్జీల్లో నాలుగింట మూడొంతులకు పైగా జనరల్ వర్గాల వారేనని కేంద్రమే పార్లమెంటుకు చెప్పింది. హైకోర్టు జడ్జీలను ఎక్కువగా తీసుకునేది బార్ నుంచే, అంటే కోర్టుల్లో వాదించే లాయర్ల నుంచే. బార్‌లో నిలబడాలంటే ముందు ఈ మొదటి మూడు, నాలుగేళ్లు గడవాలి. మా పిల్లలు అక్కడే మానేసి వేరే ఉద్యోగాలు చూసుకుంటున్నారు.

జూనియర్లకు నెలకు పట్టణాల్లో 20 వేలు, పల్లెల్లో 15 వేలు స్టైపెండ్ ఇవ్వాలని లాయర్ల వృత్తి నియమాలు చూసే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరులో చెప్పింది. కానీ అది సిఫారసే. ఆ కాగితం చూపిస్తే రేపట్నుంచి రావద్దంటారేమోనని మా అమ్మాయికి టెన్షన్. దాన్ని నిబంధనగా మార్చాలి. రాబడి తక్కువున్న సీనియర్లు ఇవ్వలేరన్నది నిజమే, అలాంటి చోట ప్రభుత్వం, బార్ కౌన్సిల్ కలిసి నిధి పెట్టాలి.

ఇంకొక మాట. దేశంలోని కింది కోర్టుల్లో 22 శాతం చోట్ల మహిళలకు మరుగుదొడ్లు లేవని 2021లో అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ గారు చెప్పారు. చిన్న ఊళ్ల కోర్టుకు వెళ్లే రోజు మా అమ్మాయి పొద్దుటి నుంచి మంచినీళ్లు తాగదు.

రాష్ట్ర బార్ కౌన్సిళ్లలో మహిళలకు 30 శాతం చోటివ్వాలని సుప్రీంకోర్టు 2025 డిసెంబరులో చెప్పింది. అలా వచ్చే సభ్యులు మొదటి సమావేశంలోనే స్టైపెండ్ సంగతి తేల్చాలని కోరుతున్నాను.

- ఒక జూనియర్ న్యాయవాది తండ్రి, తెనాలి