సైనిక ప్రమాణమని అమ్మిన రిసీవర్‌కు తేదీ తెలియదు

కళింగపట్నం, శ్రీకాకుళం జిల్లా
21 జులై 2025

వినియోగదారుల సేవా విభాగం మేనేజర్‌ గారికి,

విషయం: పడవలోని జీపీఎస్‌ రిసీవర్‌ 1024 వారాల వెనకటి తేదీ నమోదు చేయడం గురించి.

అయ్యా,

వేట నిషేధం ముగిసిన వారంలోనే మా తమ్ముడి పడవకు మీ రిసీవర్‌ కొన్నాం. పెట్టె మీద ‘సైనిక ప్రమాణం’ అని చూసి కొనమన్నది నేనే. సైన్యంలో సిగ్నల్స్‌ విభాగంలో పనిచేసి వచ్చినవాణ్ణి, ఆ మాటకు విలువిచ్చాను.

జులై 8 రాత్రి 9 గంటలకు ఒక మరపడవ మా వలలను తెంపుకుంటూ పోయింది. ఎక్కడున్నదీ, ఎప్పుడున్నదీ రిసీవర్‌లో ఉంటుందనే ధైర్యంతో తమ్ముడు ఫిర్యాదుకు వెళ్లాడు. తీరా తెరిస్తే అందులో తేదీ 22 నవంబర్‌ 2005. అధికారులు ఆ నమోదును పక్కన పెట్టారు. వారిని తప్పుపట్టలేను.

రెండు తేదీలూ మంగళవారాలే, మధ్య తేడా సరిగ్గా 1024 వారాలు. జబ్బు అక్కడే తెలిసిపోయింది. జీపీఎస్‌ ఉపగ్రహాలు వారాల సంఖ్యను పది బిట్లలో, అంటే 0 నుంచి 1023 దాకా మాత్రమే పట్టే పది సున్నా-ఒకటి అంకెల్లో పంపుతాయి. 1023 దాటితే మళ్లీ సున్నా. 2019 ఏప్రిల్‌లో అలా రెండోసారి సున్నాకు వచ్చింది. ఆరేళ్ల తర్వాత అమ్మిన పరికరం ఇంకా పాత లెక్కలోనే ఉంది. పైగా గడియారం 18 సెకన్లు ముందుంటోంది. జీపీఎస్‌ కాలానికీ ప్రపంచ ప్రామాణిక కాలానికీ 2017 నుంచి ఉన్న తేడా అది. ఆ సవరణ ఉపగ్రహ సందేశంలోనే వస్తుంది, పూర్తి సందేశానికి పన్నెండున్నర నిమిషాలు చాలు. మీది రాత్రంతా వెలిగించి ఉంచినా సరిచేసుకోలేదు.

‘స్థానం సరిగ్గానే చూపుతోంది కదా’ అన్నారు మీ సేవాకేంద్రం వారు. నిజమే, స్థానం లెక్కకు వాడే లోపలి కాలం వేరు, తెర మీది తేదీ, వేళ వేరు. కానీ సైనిక ప్రమాణమంటే వేళకే ముందు విలువ. అమెరికా సైనిక రిసీవర్లు అందుకునే రహస్య సంకేతం ఒకటి ఏడు రోజుల పొడవుంటుంది. వేళ తెలియని రిసీవర్‌కు అందులో ఎక్కడ వెతకాలో తెలియదు. అందుకే అది ముందు పౌర సంకేతం పట్టుకుని వేళ తెలుసుకుంటుంది, లేదా మరో పరికరం నుంచి గడియారం సరిచేసుకుంటుంది. సెకనులో పదిలక్షలవ వంతు తప్పితే దూరం లెక్కలో 300 మీటర్లు తప్పినట్టే. సైన్యం పేరు వాడుకున్నవారు గడియారాన్ని చిన్న విషయమంటే నాకు బాధ కలుగుతోంది.

పదిహేను రోజుల్లో సాఫ్ట్‌వేర్‌ సరిచేయండి, లేదా డబ్బు తిరిగివ్వండి. అంతకంటే ముందు, ఈ పరికరం తేదీని సరిగ్గా 1024 వారాలు వెనక్కి నమోదు చేస్తోందని మీ సంతకంతో ధ్రువపత్రం పంపండి. వలల పరిహారం దాని మీదే ఆధారపడి ఉంది. అది రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. ఇదే రకం రిసీవర్‌ మా తీరంలో ఇంకా ఎవరెవరికి అమ్మారో వారికీ వెంటనే తెలియజేయండి.

ఇట్లు,
మీ వినియోగదారుడు
(కొనుగోలు రసీదు, నమోదు ప్రతి జతచేశాను)