పెట్టె బరువు గురించి మా కస్టమర్లకు ఒక మాట

అందరికీ నమస్కారం.

గుంటూరులో మా స్వీట్ షాపు మీలో చాలామందికి ఏళ్లుగా తెలుసు. పోయిన వారం నుంచి తూకంలో ఒక మార్పు చేశాం, ధర కూడా కాస్త పెంచాం. ఎందుకో దాచకుండా చెప్పాలనే ఇది రాస్తున్నాను.

ఇన్నాళ్లూ స్వీట్లను అట్టపెట్టెతో కలిపి తూచాం. మా కిలో పెట్టె బరువు 80 గ్రాములు. లడ్డు కిలో 520 రూపాయలంటే, ఆ అట్టకే మీ దగ్గర 41 రూపాయల 60 పైసలు తీసుకున్నట్టు. కాజు కట్లీ కిలో 1,100, దాంట్లో పెట్టెకే 88 రూపాయలు. ఆ పెట్టె మాకు పడేది 12 రూపాయలు. పెట్టె బరువు తీసేసి సరుకు బరువుకే డబ్బు తీసుకోవాలని తూనికలు కొలతల శాఖ వాళ్లు ఎప్పటినుంచో చెబుతున్నారు. ఎలక్ట్రానిక్ కాటాకు 12 నెలలకోసారి స్టాంపింగ్, అంటే ఆ శాఖ వాళ్ల చేత సరిచూపించి ముద్ర వేయించడం తప్పనిసరి. అది ఏటా తప్పకుండా చేయించాను. కాటా సరిగ్గానే ఉంది, తప్పు నాది.

ఖాళీ పెట్టె పెట్టి టేర్ నొక్కితే కాటా సున్నాకు వచ్చేస్తుంది. కొత్తగా చేరిన కుర్రాడు ఒకడు మొదటి రోజు అలాగే నొక్కుతుంటే నేనే ఆపాను. మళ్లీ ఎవరూ నొక్కకుండా ఆ బటన్ మీద ప్లాస్టర్ అంటించాను. ఆ కాటాకు సరిగ్గా పైన గోడకు బైబిల్ వాక్యం క్యాలెండర్ ఉంటుంది, ‘యెహోవా నా కాపరి’ అని. అది చూసి, దేవుని బిడ్డ షాపు, ఇక్కడ మోసం ఉండదని వచ్చినవాళ్లు ఎంతమందో నాకు తెలుసు.

మా చర్చి సంఘంలోనే ఒక మామ్మగారు అరకిలో లడ్డు తీసుకెళ్లి మర్నాడు తిరిగి వచ్చారు. ఇంట్లో చిన్న కాటా మీద తూస్తే 455 గ్రాములే ఉందట. నాతో గొడవ పడలేదు. “నువ్వు తక్కువ తూయవులే నాయనా, మా కాటాయే పాడైనట్టుంది, ఒకసారి చూసి పెట్టు” అంటూ ఆ కాటా సంచిలోంచి తీసి నా చేతికిచ్చారు. అది పట్టుకుని నిలబడ్డాను. నోట మాట రాలేదు. ఆవిడ కాటా బాగానే ఉందని చెప్పడానికి చాలాసేపు పట్టింది.

‘దొంగత్రాసు యెహోవాకు హేయము’ అన్న బైబిల్ సామెతల గ్రంథంలోని వాక్యం నాకు కంఠతా వచ్చు. అన్యాయంగా తీసుకున్నది తిరిగి ఇస్తానన్న బైబిల్లోని పన్నుల అధికారి జక్కయ్య కథ పదేళ్లుగా సండే స్కూల్ పిల్లలకు చెబుతున్నాను. ప్రతి నెలా సంపాదనలో పదో వంతు, దశమభాగం, చర్చికి ఇస్తాను, అది కూడా ఈ డబ్బులోంచే ఇచ్చాను. బజారులో అందరూ ఇలాగే తూస్తారులే అని సర్దిచెప్పుకున్నాను. ఆదివారం గుడిలో ఒక మనిషిగా, సోమవారం కాటా దగ్గర ఇంకో మనిషిగా బతికాను. ఆ రాత్రి ప్రార్థనకు మోకరిస్తే మామ్మగారి మొహమే కళ్లముందుకు వచ్చింది.

మర్నాడు పొద్దున్నే ప్లాస్టర్ పీకేశాను. ఆ బటన్ మీద జిగురు మరక ఇంకా పోలేదు. మా కుర్రాళ్లను కూర్చోబెట్టి, మీకు తప్పు పని నేర్పించాను, క్షమించండని అడిగాను. ఇప్పుడు పెట్టె పెట్టి, టేర్ నొక్కి, సున్నా మీకు చూపించాకే సరుకు వేస్తున్నాం.

ధర సంగతి. పెట్టె బరువు మీద వచ్చే డబ్బుతోనే ఇన్నాళ్లూ కిలో రేటు కాస్త తక్కువగా చూపించగలిగాను. ఇక అది కుదరదు కాబట్టి లడ్డు కిలో 540 చేశాం. పెట్టెకు విడిగా డబ్బు తీసుకోం. ఈ 20 రూపాయలు భారమనిపించేవాళ్లు ఉంటారని తెలుసు, సొంత డబ్బా తెచ్చుకుంటే కిలోకు 10 రూపాయలు తగ్గిస్తాను.

జక్కయ్య నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. నాకు అంత స్తోమత లేదు. తీసుకున్నది మాత్రం తిరిగి ఇస్తాను. పెళ్లిళ్లకు, గృహప్రవేశాలకు, క్రిస్మస్‌కు పెట్టెల లెక్కన ఆర్డర్ ఇచ్చినవాళ్ల బిల్లులు మూడేళ్లవి మా దగ్గర ఉన్నాయి. రోజుకు కొన్ని చొప్పున తీసి, లెక్కగట్టి మేమే ఫోన్ చేస్తున్నాం. విడిగా కొన్నవాళ్లు షాపుకు వచ్చి చెప్పండి. బిల్లు లేకపోయినా ఫర్వాలేదు, ఏ పండక్కి, ఎన్ని కిలోలు తీసుకున్నారో గుర్తున్నంత చెబితే చాలు. ఆదివారం ఆరాధన అయ్యాక పన్నెండింటికి తెరుస్తాం, మిగతా రోజుల్లో పొద్దున తొమ్మిది నుంచి నేనే కౌంటర్లో ఉంటాను.