ఆ గొంతు కుడి చెవిలోనే ఎందుకుంది?

సంపాదకులకు నమస్కారం.

పాత రాక్ ఆల్బంల గురించి మీ సంగీతం పేజీలో వచ్చిన వ్యాసం బాగుంది. బ్రిటన్ బ్యాండు బీటిల్స్ తొలి ఆల్బం ‘ప్లీజ్ ప్లీజ్ మీ’ దగ్గర మాత్రం ఒక మాట సరిచేయాలి. పాట ఒక చెవిలో, వాయిద్యాలు ఇంకో చెవిలో వినిపించడం ‘ఆనాటి రికార్డింగ్ లోపం’ అని రాశారు. టేపు పాడైందనో, తమ ఇయర్‌ఫోన్ చెడిపోయిందనో అనుకుని ఈ ఆల్బంను పక్కన పెట్టేసేవాళ్లు ఇప్పటికే చాలామంది ఉన్నారు. మీ వాక్యం వాళ్ల అనుమానాన్ని ఖాయం చేస్తుంది. అందుకే ఈ ఉత్తరం.

ఆల్బంలోని 14 పాటల్లో పదింటిని 1963 ఫిబ్రవరి 11న, లండన్‌లో అబ్బే రోడ్డు మీద ఉన్న ఈఎంఐ రికార్డు కంపెనీ రెండో నంబరు స్టూడియోలో, ఒక్క రోజులో రికార్డు చేశారు. మిగతా నాలుగూ అంతకుముందు విడుదలైన రెండు సింగిల్స్ (రెండేసి పాటల చిన్న రికార్డులు) కోసం చేసినవి. నిర్మాత జార్జ్ మార్టిన్, ఇంజనీరు నార్మన్ స్మిత్. అప్పుడు వాళ్లు వాడిన టేపు మీద ఉన్నవి రెండే ట్రాకులు, అంటే విడివిడిగా రికార్డయ్యే రెండు వరసలు. గిటార్లు, బేస్, డ్రమ్స్ అన్నీ కలిపి ఒకదాంట్లోకి, గొంతులన్నీ రెండోదాంట్లోకి ఎక్కించారు. తర్వాత గొంతు ఎంత ఉండాలి, వాయిద్యాలు ఎంత ఉండాలి అన్నది తీరిగ్గా చూసుకుని, రెండూ కలిపి మోనో, అంటే రెండు చెవులకూ ఒకే శబ్దం వెళ్లే రికార్డు, చేయడానికే ఈ ఏర్పాటు. అప్పట్లో బ్రిటన్‌లో ఎక్కువమంది కొనేది మోనో రికార్డులే. మోనో ఎల్పీ మార్చి 22న వచ్చింది, ఒక్కో చెవికి వేరే శబ్దం పంపగల స్టీరియో ఎల్పీ నెల దాటాక ఏప్రిల్ 26న. ఆ స్టీరియో కోసం చేసిందల్లా, దాదాపుగా, ఆ రెండు ట్రాకులనూ చెరో పక్కన పెట్టడమే. వాయిద్యాలు ఎడమకు, గొంతులు కుడికి వెళ్లాయి.

వినేవాళ్లకు ఇది పెద్ద వరం. బ్యాండు వాయించింది ఒక్కటే విడిగా, పాడింది ఒక్కటే విడిగా వినే అవకాశం ఇంత సులువుగా దొరికే ఆల్బంలు తక్కువ. ఫోన్‌లో యాక్సెసిబిలిటీ సెట్టింగ్స్‌లో ఆడియో బ్యాలెన్స్ అని ఒక గీత ఉంటుంది. దాన్ని పూర్తిగా ఎడమకు జరిపితే వాయిద్యాలే, పూర్తిగా కుడికి జరిపితే గొంతులే. అక్కడే ‘మోనో ఆడియో’ అని ఇంకో మీట ఉంటుంది. ముందు దాన్ని ఆపేయాలి. అది ఆన్‌లో ఉంటే రెండు పక్కలూ ముందే కలిసిపోతాయి కాబట్టి బ్యాలెన్స్ ఎంత జరిపినా ఏమీ విడిపోదు. బేస్ బూస్ట్, సరౌండ్, స్పేషియల్ లాంటివి కూడా ఆపేయండి. బేసూ డ్రమ్సూ గిటార్లూ ఒకే ట్రాక్‌లో ఇరుక్కుని ఉన్నాయి కనుక, బేస్ పెంచితే మొత్తం ఎడమ పక్కంతా బొంగురుపోతుంది.

ఇయర్‌ఫోన్లు సరిగ్గా ఉన్నాయో లేదో ఆల్బమే చెబుతుంది. 2009లో మళ్లీ విడుదలైన స్టీరియో ప్రతిలో 8వ పాట ‘లవ్ మీ డూ’, 9వ పాట ‘పీ.ఎస్. ఐ లవ్ యూ’ రెండూ మోనోలోనే ఉంటాయి, వాటి రెండు ట్రాకుల టేపు మిగలలేదు. అక్కడ పాట నెత్తి మధ్యలోకి రావాలి. ఓ పక్కకు ఒరిగిందంటే తప్పు మీ బ్యాలెన్స్‌దో ఇయర్‌ఫోన్‌దో. మిగతా పాటల్లో గొంతు ఎడమ చెవిలో వస్తుంటే ఇయర్‌ఫోన్లు తారుమారయ్యాయన్నమాట. ఒక్క చెవిలోనే ఇయర్‌ఫోన్ పెట్టుకునే అలవాటున్నవాళ్లకు ఈ ఆల్బం సగమే అందుతుంది. కరోకే యాప్‌లలో గొంతు తీసేసే పాత పద్ధతి కూడా ఇక్కడ పనిచేయదు. అది రెండు పక్కలా సమానంగా ఉన్నదాన్ని చెరిపేస్తుంది, ఇక్కడేమో గొంతు ఒక్క పక్కనే ఉంది.

ఇక విడిగా ఏం వినాలి? ముందు ఎడమ పక్క. ‘ఐ సా హర్ స్టాండింగ్ దేర్’లో బ్యాండులోని పాల్ మెకార్ట్నీ వాయించే హాఫ్నర్ కంపెనీ బేస్ గిటార్ ఆగకుండా పరిగెడుతుంది. గొంతు అడ్డు లేనప్పుడు ఆ పరుగూ రింగో స్టార్ కొట్టే డ్రమ్సూ ఎక్కడెక్కడ కలుస్తున్నాయో తెలుస్తుంది. ఈ పాట మొదట్లో పాల్ పెట్టే ‘వన్, టూ, త్రీ, ఫోర్’ లెక్క తొమ్మిదో టేక్‌లోది (టేక్ అంటే రికార్డు చేసిన ఒక్కో ప్రయత్నం), పాట మొదటి టేక్‌ది. టేపు కోసి అతికించారు. చప్పట్లు తర్వాత కలిపినవి. ట్రాకులు రెండూ నిండిపోయాయి కాబట్టి ఏదైనా కొత్తగా చేర్చాలంటే ఒక యంత్రం మీద టేపు నడుపుతూ, దానితో పాటు కొత్త శబ్దాన్నీ కలిపి, రెండో యంత్రం మీద మళ్లీ రికార్డు చేయాలి. అలా చేసిన ప్రతిసారీ టేపు బుస కాస్త పెరుగుతుంది. ‘మిజరీ’లో పియానో, ‘బేబీ ఇట్స్ యూ’లో చెలెస్టా (చిన్న గంటల్లా మోగే కీబోర్డు వాయిద్యం) ఇలాగే ఫిబ్రవరి 20న చేరాయి. వాయించింది జార్జ్ మార్టిన్, ఆ రోజు బ్యాండు స్టూడియోలో లేదు.

తర్వాత కుడి పక్క. ‘బాయ్స్’ పెట్టండి. రింగో డ్రమ్స్ కొడుతూనే పాడాడు, అదీ ఒక్క టేక్‌లో. పాడే మైకు డ్రమ్స్‌కు అంత దగ్గరుంటే ఆ చప్పుడు అందులోకి రాకుండా ఎవరూ ఆపలేరు. గొంతు ఒక్కటే ఉండాల్సిన పక్కన వెనకాల డ్రమ్స్ వినిపిస్తున్నాయంటే, అందరూ ఒకే గదిలో ఒకేసారి వాయించి పాడారనడానికి అదే సాక్ష్యం. ‘ఎ టేస్ట్ ఆఫ్ హనీ’లో కొన్నిచోట్ల పాల్ గొంతు రెండుగా వినిపిస్తుంది. తన పాట మీద తానే మళ్లీ పాడాడు.

కుడి పక్క అసలు ధనం చివరి పాట ‘ట్విస్ట్ అండ్ షౌట్’. ఈ పాట పాడిన జాన్ లెనన్‌కు ఆ రోజు జలుబు. పొద్దుటి నుంచి పాడి గొంతు అరిగిపోయాక, రాత్రి అన్నిటికన్నా చివర దీన్ని ఎత్తుకున్నారు. ఆల్బంలో ఉన్నది మొదటి టేక్. రెండోది ప్రయత్నించేసరికి గొంతు పోయింది. వాయిద్యాలు తీసేసి కుడి పక్క మాత్రమే వింటే ప్రతి చరణం చివరా ఆ గొంతు చీరుకుపోవడం, అయినా శ్రుతిని వదలకపోవడం స్పష్టంగా తెలుస్తుంది. రెండు పక్కలూ కలిపి వినేటప్పుడు గిటార్లు ఆ గరుకుదనాన్ని చాలావరకు కప్పేస్తాయి.

విడదీసి వినడం అయ్యాక మోనో వినాలి, ఎందుకంటే అప్పటివాళ్లు సిద్ధం చేసుకున్న రూపం అదే. ఫోన్‌లో మోనో మీట నొక్కితే దగ్గరదగ్గరగా వస్తుంది గానీ అది అసలు మోనో కాదు. గొంతుకూ వాయిద్యాలకూ మధ్య మార్టిన్, స్మిత్ కుదిర్చిన పాళ్లు అందులో ఉండవు. పైగా అన్ని పాటలూ ఒకే టేక్‌వి కావు. ‘ప్లీజ్ ప్లీజ్ మీ’ పాట స్టీరియోలో చివరి చరణం దగ్గర జాన్, పాల్ వేర్వేరు మాటలు పాడతారు, ఆ వెంటనే జాన్ గొంతులో నవ్వు దొర్లుతుంది. మోనోలో ఈ తడబాటు లేదు. ఏ మీట నొక్కినా స్టీరియోలోంచి దాన్ని తీసేయలేం. మోనో కావాలంటే 1987 సీడీ, 2009 మోనో సీడీల పెట్టె, 2014 మోనో ఎల్పీలలో ఏదైనా ఒకటి చూసుకోవాలి. 2009లో విడిగా అమ్మిన సీడీ స్టీరియో.

అందువల్ల రెండు విన్నపాలు. ‘రికార్డింగ్ లోపం’ అన్న మాటను దయచేసి సవరించండి. ఇకముందు 1960ల ఆల్బంల గురించి రాసేటప్పుడు, రాసినవారు విన్నది మోనో ప్రతో స్టీరియో ప్రతో, ఏ సంవత్సరపు విడుదలో ఒక్క పంక్తిలో చెప్పించండి. అది తెలియకపోతే వ్యాసంలో చెప్పిన శబ్దమూ పాఠకుడి చెవిన పడే శబ్దమూ ఒకటి కావు.

ఇట్లు,
మీ పేజీని క్రమం తప్పకుండా చదివే ఒక పాఠకుడు